పుట్టిల్లే పరదేశం: గోదావరి లంకల్లో తొమ్మిది రోజులు

ప్రయాణానికి ముందు

టీకాలు వేసే క్లినిక్‌లో నర్సు ఫారం నింపుతూ, ఇండియా ఎందుకు వెళ్తున్నారని అడిగింది. సంక్రాంతికి మా అమ్మ దగ్గరికి అన్నాను. "అయితే మీరే ముందు వేయించుకోవాలి" అంది. నాకు నవ్వొచ్చింది. పిల్లలకంటే సరే, వాళ్లు డాలస్‌లో పుట్టారు. నేను అంబాజీపేట పక్క పల్లెలో కాలవ నీళ్లు తాగి, జామకాయ లంగాకి తుడుచుకుని కొరికిన మనిషిని. నాకెందుకు టీకా?

ఆవిడ చెప్పిన సంగతి వినేదాకా నాకూ తెలియదు. అమెరికాకి టైఫాయిడ్ మోసుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది టూరిస్టులు కారట, సొంత ఊళ్లో బంధువుల్ని చూసొచ్చినవాళ్లేనట. అందులోనూ మన దక్షిణాసియా వైపు వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువ. టూరిస్టు ప్రతిదీ అనుమానంగా చూసి తింటాడు. ఇంటికెళ్లినవాళ్లకి ఆ అనుమానమే ఉండదు. పైగా చిన్నప్పుడు ఆ నీళ్లకి అలవాటుపడ్డ కడుపు ఆ అలవాటుని జీవితాంతం దాచిపెట్టుకోదు. 17 ఏళ్లు దూరంగా ఉంటే, అదీ కొత్తగా వచ్చినట్టే లెక్క.

నలుగురం వేయించుకున్నాం. టైఫాయిడ్ టీకా బయల్దేరడానికి కనీసం 2 వారాల ముందు పడాలి, హెపటైటిస్-ఏ టీకా వేరే. మామూలు విరేచనాలకి మాత్రం ఇవేవీ అడ్డుపడవు. వాటిలో ఎక్కువ భాగం ఈ-కోలై అనే బాక్టీరియా రకాల పని. వెళ్లే చోటునీ కాలాన్నీ బట్టి, 2 వారాల ప్రయాణంలో వందకి 30 నుంచి 70 మంది దాకా దీని బారిన పడతారని ఆవిడ ఇచ్చిన కాగితంలో ఉంది. ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. పిల్లల కోసమే అనుకున్నాను, నిజం చెప్పాలంటే.

మొదటి రోజు: మధురపూడి నుంచి ఊరికి

రాజమండ్రి ఎయిర్‌పోర్టు నుంచి కారు. జొన్నాడ దగ్గర గోదావరి పాయ గౌతమి మీద వంతెన ఎక్కగానే పిల్లలు కిటికీలకి అతుక్కుపోయారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేసిన కాటన్ దొర గురించి చెబుదామని గొంతు సవరించుకున్నాను, పెద్దాడు అప్పటికే ఫోన్‌లో పడ్డాడు. రావులపాలెంలో వేడి ఇడ్లీ తిన్నాం. నీళ్ల సీసా మూత సీలు చిటుక్కుమని విరిగితేనే తాగాలని పిల్లలకి నేర్పాను. వాళ్లకి అదొక ఆట అయిపోయింది.

ఇంటికి చేరేసరికి అమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసింది. లోపలికి వెళ్లగానే నా కళ్లు బిందె మీద పడ్డాయి. నాన్న 20 లీటర్ల ఆర్వో టిన్ను తెప్పిస్తున్నారు. "కాలవ నీళ్లు కాదే, డబ్బులు పెట్టి కొంటున్నాం" అంది అమ్మ. నీళ్లలో తప్పేం లేదు. కానీ టిన్ను నీళ్లు స్టీలు బిందెలోకి వంపుతారు, బిందె మూత మీద గ్లాసు బోర్లిస్తారు. వచ్చినవాళ్లంతా మూత తీసి, ఆ గ్లాసే ముంచి, తాగి, మళ్లీ బోర్లిస్తారు. గ్లాసుతో పాటు నాలుగు వేళ్లూ మునుగుతాయి. పాలు పితికిన వేళ్లు, పేడ ఎత్తిన వేళ్లు, ఇప్పుడే సైకిల్ చైను వేసిన మా అన్నయ్య వేళ్లు. నేను చూస్తుండగా పది నిమిషాల్లో ముగ్గురు ముంచారు.

ఈ మాట అమ్మకి ఎలా చెప్పాలి? మా ఇల్లు శుభ్రంగా లేదన్నట్టే కదా. నాన్నకి అర్థమైంది. ఏమీ అనకుండా అటక మీంచి పొడుగు కాడ ఉన్న పాత ఇత్తడి గరిటె దింపి, చింతపండుతో తోమించి, బిందె పక్కన వేలాడదీశారు. "మా అమ్మ కాలంలో ఇలాగే ఉండేది. గ్లాసు ముంచితే చెయ్యి విరగ్గొట్టేది" అన్నారు. పిల్లల తాగునీళ్లు విడిగా కాచడానికి అమ్మ ఒప్పుకుంది. తెర్లుతూ ఒక్క నిమిషం మరిగితే చాలు, అరగంట కాచి గ్యాస్ వృథా చెయ్యక్కర్లేదు. చల్లారాక ఏ గిన్నెలో పోస్తామన్నదే అసలు సంగతి.

రెండో రోజు: కూరకి జ్వరం

మా ఆయన ఇంటి వెనక మాంసం కాల్చుకునేటప్పుడు వాడే థర్మామీటర్ ఒకటుంది. సన్నటి ఊచ, పైన అంకెలు కనిపించే డబ్బా. మా పెద్దాడికి 11 ఏళ్లు. ఎలా పెట్టుకొచ్చాడో గానీ పెట్టెలో అది పెట్టుకొచ్చాడు. నర్సు ఇచ్చిన కాగితం వాడే శ్రద్ధగా చదివాడన్నమాట.

పొద్దున పది గంటలకి అమ్మ రొయ్యల ఇగురు వండి గట్టు మీద పెట్టింది. భోజనాలు రెండింటికి. వాడు నెమ్మదిగా వచ్చి, మూత తీసి, ఊచ గుచ్చాడు.

"అమ్మమ్మా, 96."

"కూరకి జొరం చూస్తున్నావేంట్రా?"

"ఇది డేంజర్, అమ్మమ్మా. 140 ఉండాలి."

"నూట నలభయ్యా! నూట అయిదుకే మనిషి గుటుక్కుమంటాడు కదరా!"

వాడిది అమెరికా లెక్క, ఫారెన్‌హీట్. మన లెక్కలో 60 డిగ్రీలు. వండిన తిండి ఆ పైన వేడిగా ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. ఈ రెంటికీ మధ్య గోరువెచ్చగా ఉంటే క్రిములకి పండగే. గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచొద్దంటారు. మన గోదారి జిల్లాల్లో పదింటికి వండి రెండింటికి తినడం తరతరాల అలవాటు. అది తప్పు అని 70 ఏళ్ల మనిషికి చెప్పే ధైర్యం నాకు లేదు, వాడికి ఉంది. అమ్మ విసుక్కుంటూనే ఇగురుని మళ్లీ పొయ్యెక్కించింది. వాడు 165 దాటేదాకా వదల్లేదు. 74 డిగ్రీలన్నమాట. ఆ తర్వాత అమ్మకే సరదా పుట్టింది. "ఏరా, సాంబారు చూడు" అని పిలిచి మరీ చూపించడం మొదలుపెట్టింది.

మళ్లీ మరిగిస్తే సరిపోని తిండీ ఒకటుంది, అన్నమే. బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా తన విత్తనాల్లాంటి వాటితో ఉడుకునీ తట్టుకుంటుంది. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అది పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే తాలింపు అన్నం చేసుకునే మన ఇళ్లలో, ఆ అన్నం రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లిందా లేదా అన్నది పెద్ద తేడా.

సాయంత్రం చుట్టాలు ఒక్కొక్కరే రావడం మొదలైంది. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రారు. పూతరేకులు, అరిసెలు, కొబ్బరి లౌజు, జున్ను. మా ఆయనది వరంగల్. "ఇంతగనం ఎట్ల తింటరు?" అని నా వైపు దీనంగా చూశారు. పూతరేకులూ అరిసెలూ హాయిగా తినమన్నాను. తడి లేని చోట క్రిములు పెరగవు. జున్ను మాత్రం ఇంట్లో మా కళ్ల ముందు ఆవిరి మీద ఉడికిస్తేనే అని చెప్పాను.

మూడో రోజు: భోగి, ఒక దొంగ మొక్కు

తెల్లారకముందే భోగిమంట. టిఫిన్‌కి పొట్టిక్కలు. పనసాకుల్ని పుల్లలతో కుట్టి, బుట్టల్లా చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. అంబాజీపేట వైపు వీటికి పెట్టింది పేరు. ఆకు విప్పితే పొగలు. పెద్దాడు ఊచ గుచ్చి, "195!" అని అరిచాడు. ఇంతకంటే నమ్మకమైన తిండి ఇంకేం కావాలి? కొబ్బరి పచ్చడి బదులు కారప్పొడి, వేడి నెయ్యి. పచ్చి కొబ్బరి పచ్చడి అంటే నాకు ప్రాణం, కానీ అది రుబ్బిన చెయ్యి, కలిపిన నీళ్లు, గిన్నెలో గడిచిన గంటలు అన్నీ అందులోనే ఉంటాయి.

అసలు పరీక్ష మధ్యాహ్నం పెద్దమ్మ ఇంట్లో. అల్లుడు మొదటిసారి పండక్కి వచ్చాడు మరి, ఆకు నిండా వడ్డించారు. అందులో సగం పొద్దున వండినవి, కొన్ని నిన్న రాత్రివి. చల్లటి మజ్జిగలో తేలుతున్న ఆవడలు. బావి నీళ్లతో కలిపిన పానకం. ఇక్కడ వద్దనడం ఒక విద్య, అది నాకెప్పుడూ రాలేదు. "కడుపు నిండింది" అంటే "ఏం తిన్నారండి, ఇంకా మొదలే కాందే" అంటారు. "డాక్టర్ వద్దన్నాడు" అంటే "ఆ డాక్టర్‌కేం తెలుసండి" అంటారు. "పడదు" అంటే ఇంకేముంది, అలిగినట్టే.

నేను నీళ్లు నములుతుంటే అమ్మ అందుకుంది. "అంతర్వేది మొక్కుంది అక్కా వీళ్లకి. స్వామి దర్శనం అయ్యేదాకా పొయ్యి మీంచి దింపిన వేడివి తప్ప ముట్టరు, బయట నీళ్లు తాగరు."

నా జన్మలో అలాంటి మొక్కు మొక్కలేదు. కానీ పెద్దమ్మ రెండు చెంపలూ పట్టుకుంది. "అయ్యో, ముందే చెప్పొద్దటే! పాపం చుట్టుకునేది" అని ఆవడల గిన్నె తనే లోపలికి తీసుకుపోయి, గబగబా కొత్తగా అన్నం పడేసింది. పావుగంటలో పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, అప్పుడే వేయించిన అప్పడాలు. ఎవరికీ బాధ కలగలేదు. దారిలో అమ్మ లెంపలేసుకుంది. "దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను. దర్శనానికి తప్పకుండా వెళ్లాలే."

ఊళ్లో ఈ వార్త సాయంత్రానికల్లా పాకిపోయింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా ముందు పొయ్యి వెలిగించడమే.

నాలుగో రోజు: సంక్రాంతి

ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు. వేడి వేడిగా తిన్నాం, చేతులు సబ్బుతో కడుక్కున్నాం, నిద్రపోయాం. చేతికి రాసుకునే శానిటైజర్ సీసా చిన్నదాని మెడలో గంటలా వేలాడుతూనే ఉంది. కొన్ని వైరస్‌లకి అది పనిచెయ్యదని, సబ్బూ నీళ్లే మేలని చెప్పినా వదల్లేదు.

అయిదో రోజు: కనుమ, జగ్గన్నతోట

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా వైపు మాత్రం ఊరంతా కదులుతుంది. మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ప్రభలంటే దేవుణ్ణి కూర్చోబెట్టి రంగుగుడ్డలతో అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద వచ్చి ఒక్కచోట కలుస్తారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే. శకటంలో లేనిదేంటంటే ఆ దుమ్ము, ఆ కేకలు, గంగలకుర్రు ప్రభని కుర్రాళ్లు భుజాల మీద మోస్తూ కౌశిక నది నీళ్లలోకి దిగినప్పుడు ఒంట్లోంచి పాకే వణుకు. "అశ్శరభ శరభా" అని వేలమంది అరుస్తుంటే మా ఆయన కూడా అరిచారు. వరంగల్ యాసలో.

పొద్దున ఇంట్లో మినపగారెలు నూనెలోంచి తీసినవి తీసినట్టు తిని బయల్దేరాం. పిల్లలకి సీసా నీళ్లు, అరటిపళ్లు, జంతికలు సంచిలో. అంతా పద్ధతిగానే ఉంది.

సాయంత్రం నాలుగు దాటాక నా చిన్ననాటి నేస్తం కనిపించింది. ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. ఇప్పుడు పక్కూళ్లో టీచరు. రెండు నిమిషాలు ఇద్దరం మాట్లాడలేకపోయాం. తర్వాత చెయ్యి పట్టుకుని చెరుకు రసం బండి దగ్గరికి లాక్కుపోయింది. మేము ఒకే గ్లాసు ఇద్దరం తాగే బండి అక్కడే ఉండేది మరి.

ఆ బండిని ఇప్పుడు కళ్లు మూసుకుని బొమ్మ గీయగలను. చెరుకు గడలు నేల మీద, మట్టి తుడవకుండానే గానుగలోకి. చక్రానికి కట్టిన గజ్జెలు. గోనెపట్టాలో చుట్టిన ఐసు దిమ్మ, దాన్ని చెక్క సుత్తితో కొట్టి, ముక్కలు చేత్తో గుప్పెడు తీసి జల్లెడలో వేశాడు. గ్లాసులు కడగడానికి నీలం బకెట్టు. అందులో నీళ్లు పొద్దున ఏ రంగులో ఉండేవో గానీ, అప్పటికి చెరుకు రసం రంగులోనే ఉన్నాయి. గ్లాసు ఒక్కసారి ముంచాడు, విదిలించాడు, నింపాడు.

గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, ఐసు కరగగానే మళ్లీ లేస్తాయి. నాకు తెలుసు. అప్పటికి అయిదు రోజులుగా ఊరందరికీ ఇదే చెబుతున్నాను. పిల్లలు దూరంగా నాన్న భుజం మీంచి ప్రభలు చూస్తున్నారు. తాగేశాను. అల్లం, నిమ్మకాయ, ఆ చల్లదనం. రెండో గ్లాసు కూడా తాగాను.

ఆరో రోజు: అంతర్వేది, పంటు

ముక్కనుమ. మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరాం. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు, అంటే నది మీదుగా కాలవని దాటించే వంతెన, దాటాం. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వంద ఏళ్లు దాటినా ఈ లంకల్లో ఆవిడ పేరు చెబితే చేతులు జోడిస్తారు. ఎవరొచ్చినా, ఏ వేళ వచ్చినా, వరదలో చిక్కుకున్నవాళ్లకైనా అన్నం పెట్టిన తల్లి. ఆవిడ తిరిగిన నేల మీద పెట్టింది వద్దనాలంటే నోరెలా వస్తుంది? అమ్మ అబద్ధమాడిందంటే ఊరికే ఆడలేదు.

రాజోలులో పెసరట్టు. పెనం మీంచి నేరుగా. పక్కన కొబ్బరి పచ్చడి. ఒక్క చెంచా వేసుకున్నాను, నిన్నటితో నా కట్టుబాటు కాస్త సడలింది కదా.

అంతర్వేదిలో దర్శనం బాగా అయింది. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పిల్లలు తడిశారు. అక్కడి నుంచి సఖినేటిపల్లి రేవు, పంటు (జనాన్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) మీద అవతల నరసాపురం. మేనత్త ఇంట్లో ఆ రాత్రి ఉండాలి. పంటు దాటడానికి పావుగంట కూడా పట్టదు. కార్లు, బైకులు, మేకలు, జనం. నది నడిమికి వచ్చేసరికి పొట్టలో ఎవరో తడిగుడ్డ పిండినట్టయింది. మొదట ఆకలనుకున్నాను. రెండోసారి పిండేసరికి చెమటలు పట్టాయి. చుట్టూ నీళ్లు, ఏ మూలా దాక్కునే చోటు లేదు. రెయిలింగ్ పట్టుకుని, అవతలి గట్టు మీది కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. 41 దాకా గుర్తుంది.

అత్తయ్య గుమ్మంలో ఎదురొచ్చి, "రా అమ్మా, కాళ్లు..." అంటుండగానే పక్కనుంచి దూసుకుపోయాను.

ఏడో రోజు: నరసాపురం, మంచం మీద

రాత్రి పన్నెండుకల్లా పదకొండు సార్లు. ఇంట్లో తక్కిన ముగ్గురూ గుండ్రాయిల్లా ఉన్నారు.

మంచం మీద పడుకుని విచారణ జరిపాను. ముద్దాయిలు ఇద్దరు: పచ్చడి, చెరుకు రసం. పచ్చడి తిన్న మూడు నాలుగు గంటలకి మొదలైంది. తిండిలో ముందే తయారైన విషమైతే ఒకటి నుంచి ఆరు గంటల్లో దెబ్బ కొడుతుంది, కానీ అప్పుడు వాంతులు ముందుంటాయి. నాకు వాంతి లేదు, మెలికలు, నీళ్ల విరేచనాలు. కడుపులోకి వెళ్లి పెరిగే క్రిములకి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. కొన్నిటికి పూట, కొన్నిటికి రెండు మూడు రోజులు. చెరుకు రసం తాగి సుమారు 20 గంటలు. ఫోన్‌లో అమ్మకి ఈ లెక్కంతా చెప్పాను. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "స్వామి గుమ్మం రేపు తొక్కుతావనగా ఇవాళ మొక్కు తప్పావు. ఊరుకుంటాడా?"

పక్క వీధి ఆర్‌ఎంపీ గారు వచ్చారు. "సెలైన్ పెట్టేయమంటారా అండి, గంటలో లేచి కూర్చుంటారు." మా వైపు సెలైన్ ఎక్కించుకోకపోతే జబ్బు చేసినట్టే లెక్క కాదు. నోటితో తాగగలుగుతున్నంత సేపు అక్కర్లేదని దండం పెట్టాను. వెంటనే బావ మెడికల్ షాపుకి పరిగెత్తి, రంగురంగుల అట్టపెట్టెలో తియ్యటి జ్యూసు తెచ్చాడు. అది కాదు బావా, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ కావాలి, వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క అని రాసి ఉండాలి అన్నాను. ఈ తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ పేరు తగిలించుకుని అమ్ముడయ్యేవి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

రెండోసారి సరైనదే తెచ్చాడు. అత్తయ్య గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్ మొత్తం కుమ్మరించబోయింది, చెయ్యి పట్టుకున్నాను. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. నీళ్లు తగ్గిస్తే ఉప్పు మరీ ఎక్కువై ప్రమాదం, పెంచితే పనిచెయ్యదు. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు సీసాతో కొలిచి, శుభ్రమైన గిన్నెలో కలిపి, మూత పెట్టింది. 24 గంటలు దాటితే పారబొయ్యాలి. కన్నీళ్ల రుచి. గటగటా తాగితే తిరగబెడుతుందని చెంచాతో కొంచెం కొంచెంగా.

ఆ ఉప్పూ చక్కెరా కలిసి పేగు గోడ గుండా నీటిని లోపలికి లాగుతాయి, విరేచనాలు అవుతున్నా సరే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా పట్టుకుంటే, సెలైన్ సీసాలు చాలక దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఈ నీళ్లనే డ్రముల్లో కలిపి తాగించి వేల ప్రాణాలు నిలబెట్టాడు. పద్మవిభూషణ్ ఆయన పోయాక, 2023లో వచ్చింది.

డాలస్ డాక్టరు ముందే రాసిచ్చిన యాంటీబయాటిక్ నా సంచిలోనే ఉంది. జ్వరం వచ్చినా, రక్తం పడినా, మంచం దిగలేకపోయినా తప్ప ముట్టొద్దన్నారు. విరేచనం కట్టేసే మాత్ర కూడా జ్వరం, రక్తం ఉంటే వేసుకోకూడదు, చిన్నపిల్లలకైతే అసలే వద్దు. నాకు ఆ రెండూ లేవు. మూత్రం వస్తోందా లేదా అని మాత్రం చూసుకుంటూ ఉన్నాను. పూటంతా రాకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అత్తయ్య మంచం పక్కన కూర్చుని లేసు అల్లుతూ ఉంది. నరసాపురంలో ఆడవాళ్ల చేతులు ఊరికే ఉండవు. దారం చూపుడు వేలి చుట్టూ తిరిగి సూది కొక్కెంలోకి వెళ్లి వస్తుంటే చూస్తూ పడుకున్నాను. మధ్యాహ్నం బియ్యం గంజిలో ఉప్పు వేసి తెచ్చింది. "మీ ప్యాకెట్లు రాకముందు ఇదేగా మా ఓఆర్ఎస్" అంది. నిజమే, గంజితోనూ అదే పని జరుగుతుంది. సాయంత్రానికి పిండడం తగ్గింది. మెత్తటి అన్నం, కాస్త పెరుగు, అరటిపండు. రాత్రి రెండు సార్లే లేచాను.

ఎనిమిదో రోజు: భీమవరం మీదుగా

పాదాల్లో బలం లేదు కానీ ఆకలి ఉంది, మంచి గుర్తే. బావ కారులో భీమవరం మీదుగా తిప్పి తీసుకెళ్తానన్నాడు. ఊరు దాటుతుండగా పెద్దాడికి చెప్పాను, ఈసారి వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో ఇక్కడే పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు, తిన్నది ఒంటపట్టనివ్వకుండా ఆయన అన్నదమ్ములిద్దర్ని తీసుకుపోయింది. ఆయన్నీ పట్టుకుంది గానీ బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది, అది స్ప్రూకి మందయింది. 1948లో అక్కడే పోయారు.

"మళ్లీ ఇక్కడికి రాలేదా?" అన్నాడు వాడు.

"రాలేదు."

చించినాడ వంతెన మీద వశిష్ఠని ఇంకోసారి దాటాం. ఈసారి కొబ్బరిచెట్లు లెక్కపెట్టలేదు. దిండి దగ్గర బోండాలు కొట్టించాం. కత్తి నీళ్లతో కడిగించి, గొట్టం వద్దని, కాయకి నోరు పెట్టే తాగాను.

తొమ్మిదో రోజు: తిరుగు ప్రయాణం

తెల్లవారుజామున నాలుగింటికే అమ్మ పులిహోర కలిపింది. చింతపండు పులుపు, నూనె, పసుపు. దారి బత్తెంగా మనవాళ్లు పులిహోరే ఎందుకు కట్టిచ్చేవారో ఇప్పుడు తెలుస్తోంది. అంత పులుపులో చాలా క్రిములు పెరగలేవు. అయినా పెద్దాడు పొట్లం కట్టకముందే ఊచ కోసం వెతికాడు. పెట్టెలో లేదు, సంచిలో లేదు.

దేవుడి గూటి ముందు అమ్మ దీపం పెడుతోంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, నరసింహస్వామి పటం ముందు పెట్టింది. తప్పిన మొక్కుకి ముడుపు. దాని పక్కనే, కుంకుమ బొట్టు పెట్టుకుని, థర్మామీటర్.

"ఉండనీరా," అంది. "మళ్లీ సంక్రాంతికి మీ అమ్మ వచ్చేదాకా నాకు కావాలి."